సుడిగాలికి మార్కులేసిన మాస్టారు

1945 ఆగస్టు 9 ఉదయం. జపాన్‌లోని కొకురా నగరం మీద అమెరికా బాంబర్ విమానం ఒకటి చక్కర్లు కొడుతోంది. దాంట్లో అణుబాంబు ఉంది. కిందనున్న ఆయుధ కర్మాగారం కంటికి కనపడితేనే వదలాలన్నది సిబ్బందికి అందిన ఆదేశం. మబ్బో, పొగో.. ఏదైతేనేం, లక్ష్యం కనపడలేదు. మూడుసార్లు తిరిగి చూశారు. ఇంధనం తగ్గిపోతోంది. విమానం నాగసాకి వైపు మళ్లింది.

కొకురా పక్కనే ఉన్న టొబాటాలో ఓ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అందులో 24 ఏళ్ల అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకరు ఫిజిక్స్ చెబుతున్నారు. పేరు టెట్సుయా ఫుజిటా. నేల కనపడకపోవడం వల్ల బతికిపోయిన ఆ కుర్ర మాస్టారే తర్వాత జీవితమంతా మబ్బుల కింద ఏం జరుగుతుందో కనిపెట్టే పనిలో పడ్డారు. టోర్నడో బలాన్ని ఎఫ్‌0 నుంచి ఎఫ్‌5 దాకా చెప్పే స్కేలు ఆయనదే. 1996లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ట్విస్టర్’ చూసినవాళ్లకు ఎఫ్‌5 అన్న మాట గుర్తుండే ఉంటుంది. ఆ ‘ఎఫ్’ అంటే ఫుజిటా. అమెరికాలో ఆయన్ని మిస్టర్ టోర్నడో అని పిలిచేవారు. విచిత్రం ఏంటంటే, అరవై ఏళ్లు దాటేవరకూ ఆయన ఒక్క టోర్నడోనూ కళ్లారా చూడలేదు.

నాన్న పట్టు

ఫుజిటా 1920 అక్టోబరు 23న క్యుషూ దీవిలోని సోనె అనే ఊళ్లో పుట్టారు. ఇప్పుడది కిటాక్యుషు నగరంలో కలిసిపోయింది. తండ్రి బడిపంతులు. పెద్ద చదువుకు హిరోషిమా వెళ్లాలన్నది కుర్రాడి ఆలోచన. తండ్రి మాత్రం ఇంటికి దగ్గరున్న మీజీ టెక్నికల్ కాలేజీలోనే చేరాలని పట్టుబట్టారు. తర్వాత కొద్దికాలానికే ఆయన కన్నుమూశారు. కొడుకు ఆ మాట దాటలేదు. హిరోషిమా వెళ్లి ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పాలా?

చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. వాతావరణ శాస్త్రానికీ ఆ బ్రాంచికీ పెద్దగా చుట్టరికం లేదు. కానీ చదువుకునే రోజుల్లోనే ఆయనకు ఇంకో పని అలవాటైంది. జియాలజీ ప్రొఫెసర్ ఒకరికి కొండల మ్యాపులు గీసిపెట్టేవారు. కొండ వాలు, లోయ, ఎత్తుపల్లాలను కాగితం మీద ఉబ్బెత్తుగా కనపడేలా గీయడం చేతికి పట్టుబడింది. తర్వాత నలభై, యాభై ఏళ్లపాటు ఆయనకు అన్నం పెట్టింది ఆ చేతిపనే అనడం అతిశయోక్తి కాదు. మన దగ్గర బీటెక్ మొదటి సంవత్సరంలో డ్రాయింగ్ పేపర్ గట్టెక్కితే చాలనుకుంటాం. ఫుజిటా మాత్రం చివరిదాకా కంప్యూటర్ కన్నా తన పెన్సిల్‌నే ఎక్కువ నమ్మారు.

కాలిన వెదురు గొట్టాలు

బాంబులు పడిన కొద్ది వారాలకు కాలేజీ తరఫున ఫుజిటాను నాగసాకి, హిరోషిమాలకు పరిశీలనకు పంపారు. చుట్టూ బూడిద. బాంబు ఎక్కడ పేలింది, ఎంత ఎత్తున పేలింది, పేలింది ఒకటేనా రెండా అన్నది తేల్చాలి. చేతిలో చెప్పుకోదగ్గ పరికరాలేవీ లేవు.

ఆయన శ్మశానాల్లోకి వెళ్లారు. జపాన్‌లో సమాధుల దగ్గర పూలు పెట్టడానికి వెదురు గొట్టాలు నిలబెడతారు. పేలుడు వేడికి ఆ గొట్టాలు లోపలివైపు ఒక పక్కనే కాలాయి. ఏ పక్క, ఎంత లోతు వరకు కాలిందో చూస్తే వెలుగు ఏ దిక్కు నుంచి, ఏ కోణంలో వచ్చిందో తెలుస్తుంది. వేర్వేరు శ్మశానాల్లోని గొట్టాల నుంచి గీతలు గీసుకుంటూ పోతే అవన్నీ ఆకాశంలో ఒక చోట కలుస్తాయి. పేలింది అక్కడే. మనం ఇంటర్‌లో చదివిన త్రికోణమితే, అంతకుమించి ఏమీ లేదు.

అక్కడ ఆయన కంటికి మరొకటీ తగిలింది. బాంబు పేలిన చోటికి సరిగ్గా కింద కొన్ని చెట్లు నిలబడే ఉన్నాయి. చుట్టూ ఉన్నవి మాత్రం మధ్యలోంచి ఎవరో తోసినట్టు అన్ని దిక్కులకూ పడిపోయాయి. పైనుంచి చూస్తే నక్షత్రం ఆకారం. పై నుంచి నేలను కొట్టిన గాలి చుట్టూ పరుచుకుంటే అలా ఉంటుంది. ఈ బొమ్మ ఆయన మనసులో ముప్పై ఏళ్లు ఉండిపోయింది. అదెందుకు పనికొచ్చిందో ముందు ముందు చూద్దాం.

చెత్తబుట్టలోంచి షికాగోకు

యుద్ధం అయిపోయింది. దేశం చితికిపోయింది. పరిశోధనకు డబ్బు ఎవరిస్తారు? పెద్దగా ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఏంటా అని వెతుక్కుంటే ఫుజిటాకు వాతావరణం దొరికింది. గాలి, వాన ఉచితం. 1947 ఆగస్టు 24న సెబురి కొండ మీది వాతావరణ కేంద్రం మీదుగా ఉరుములతో కూడిన పెద్ద వాన వెళ్లింది. ఆ కేంద్రంలో నమోదైన గాలి, పీడనం లెక్కలను ఆయన నిమిషాల వారీగా విడగొట్టి చూశారు. ఉరుముల మబ్బులో గాలి పైకి లేస్తుందన్నది అందరికీ తెలిసిందే. కానీ అదే మబ్బులోంచి చల్లబడిన గాలి కిందికి కూడా దూసుకొస్తోందని ఆయన లెక్కలు చెప్పాయి.

దీని మీద ఆయన ప్రసంగిస్తే విన్న కొండమీది సిబ్బందిలో ఒకరికి ఏదో గుర్తొచ్చింది. పక్కనే ఉన్న అమెరికా సైనిక రాడార్ కేంద్రం చెత్తబుట్టలో దొరికిన ఓ ఇంగ్లిష్ పరిశోధన పత్రాన్ని తెచ్చి చూపించారు. రాసింది షికాగో విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ హొరేస్ బైయర్స్. ఆయన బృందం 1946, 47 సంవత్సరాల్లో ఫ్లోరిడా, ఒహాయోల్లో విమానాలను నేరుగా ఉరుముల మబ్బుల్లోకి పంపి అధ్యయనం చేసింది. అక్కడ తేలిందీ ఇదే. అంత పెద్ద ప్రాజెక్టు చేసిన పనిని ఫుజిటా దాదాపు కాగితం, పెన్సిల్‌తో చేసేశారు.

ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఫుజిటా ఒక ఇంగ్లిష్ టైప్‌రైటర్ కొన్నారు. ఆ రోజుల్లో ఆయన జీతానికి అది చిన్న ఖర్చు కాదు. భాష అంతంతమాత్రం. అయినా తన పత్రాన్ని స్వయంగా ఇంగ్లిష్‌లోకి మార్చి, టైప్ చేసి, ముక్కూమొహం తెలియని బైయర్స్‌కు పోస్టులో పంపారు. దాన్ని ఉద్యోగం కోసం పెట్టుకున్న దరఖాస్తు అనుకోకూడదు. మీరు చేసిన పనే నేనూ ఇలా చేశాను చూడండి అని చూపించడమే. బైయర్స్ చూశారు. రమ్మన్నారు. ఈలోగా ఫుజిటా టోక్యో విశ్వవిద్యాలయం నుంచి తుపానుల మీద డాక్టరేట్ పూర్తిచేసి, 1953 ఆగస్టులో షికాగోలో అడుగుపెట్టారు. వీసా వ్యవహారం కోసం మధ్యలో జపాన్ వెళ్లి, 1956లో భార్యనూ కొడుకునూ వెంటబెట్టుకుని వచ్చారు. ఆ తర్వాత ఊరు మారలేదు.

ఇవాళ నూరు కంపెనీలకు ఒకే రెజ్యూమె పంపి జవాబు రాలేదని బాధపడేవాళ్లు ఎక్కువ. ఒక్కరికి, వాళ్లకు పనికొచ్చేది పంపేవాళ్లు తక్కువ. ఇది మాత్రం 1951 నాటికీ ఇప్పటికీ పెద్దగా మారలేదని నా నమ్మకం.

ఫార్గో ఫొటోలు

టోర్నడో అంటే మన దగ్గర చాలామంది తుపానుకు మరో పేరనుకుంటారు. కాదు. మన కోస్తాను తాకే తుపాను వందల కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. బంగాళాఖాతంలో పుట్టినప్పటి నుంచి తీరం దాటేదాకా రోజుల తరబడి దాన్ని గమనించవచ్చు, జనాన్ని ఖాళీ చేయించవచ్చు. టోర్నడో ఉరుముల మబ్బు అడుగు నుంచి నేలదాకా వేలాడే సుడి. వెడల్పు కొన్ని వందల మీటర్లు, అరుదుగా కొన్ని కిలోమీటర్లు. చాలావాటి ఆయుష్షు నిమిషాల్లోనే. ముందస్తు హెచ్చరిక దొరికితే పది, పదిహేను నిమిషాలు. ఎండాకాలం మధ్యాహ్నం బీడు పొలంలో దుమ్మునూ ఎండుటాకులనూ తిప్పుకుంటూ పోయే మన సుడిగాలికీ దీనికీ పోలికే లేదు. అది నేల వేడికి పుట్టి ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే తిరుగుతుంది.

1957 జూన్ 20న నార్త్ డకోటాలోని ఫార్గో పట్టణం మీద టోర్నడో విరుచుకుపడింది. చనిపోయినవారిలో ఒకే ఇంటికి చెందిన ఆరుగురు పిల్లలున్నారు. అప్పటికి ఊళ్లో కెమెరాలున్న ఇళ్లు చాలానే. భయం భయంగానే జనం ఫొటోలు తీశారు. ఫుజిటా అక్కడికి వెళ్లి, స్థానిక టీవీ వాతావరణ వ్యాఖ్యాత సాయంతో ఆ ఫొటోలను వందకు పైగా పోగుచేశారు. ప్రతి ఫొటో ఎక్కడ నిలబడి తీసిందో ఆ చోటికి స్వయంగా వెళ్లి కొలిచారు. వాటిని సమయం ప్రకారం పేర్చి, టోర్నడో పుట్టుక నుంచి చావుదాకా ఒక సినిమాలా కట్టారు. నాగసాకిలో వెదురు గొట్టాలతో చేసిందే ఇక్కడ ఫొటోలతో చేశారు. టోర్నడో దిగబోయే ముందు పెద్ద మబ్బు అడుగున కిందికి జారే గోడలాంటి మబ్బుకు ‘వాల్ క్లౌడ్’ అని పేరు పెట్టింది ఆయనే. ఈ రోజుకీ అమెరికాలో వలంటీర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ముందుగా దేనికోసం చూడాలో చెప్పే పేరది.

బడిపిల్లల లెక్క

అమెరికాలో టోర్నడో చరిత్ర తిరగేస్తే పిల్లల దగ్గర చేయి ఆగిపోతుంది. 1925 మార్చి 18న మూడు రాష్ట్రాలను దాటుకుంటూ పోయిన టోర్నడో 695 మందిని చంపింది. ఇల్లినాయ్‌లోని డిసోటో అనే చిన్న ఊళ్లో ఒక్క బడిలోనే 33 మంది పిల్లలు పోయారు. మధ్యాహ్నం, క్లాసులు జరుగుతున్న వేళ. ఎవరికీ హెచ్చరిక అందలేదు. అందే అవకాశమూ లేదు, ఎందుకంటే జనం బెదిరిపోతారని అప్పటి వాతావరణ శాఖ టోర్నడో అన్న మాటనే సూచనల్లో వాడనిచ్చేది కాదు. 1948 మార్చి 25న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరంలో ఇద్దరు సైనికాధికారులు ధైర్యం చేసి తొలి సూచన ఇచ్చారు. అది నిజమైంది. అప్పుడు గానీ మంచు కరగలేదు.

హెచ్చరిక వచ్చాక ఏం చేయాలన్నది అంతకన్నా కష్టమైన ప్రశ్న. చాలాకాలం బళ్లలో, ఇళ్లలో రెండు మాటలు నేర్పేవారు. ఒకటి, కిటికీలన్నీ తెరిచేయాలి, లేకపోతే పీడనం తేడాకు ఇల్లు పేలిపోతుంది. రెండు, నేలమాళిగలో నైరుతి మూలకు చేరాలి. రెండూ తప్పే. ఇల్లు కూలేది గాలి తోపుకు, ఆ గాలి మోసుకొచ్చే చెక్కా ఇనుమూ తగలడం వల్ల. కిటికీ తెరిస్తే ఆ గాలిని మనమే లోపలికి పిలిచినట్టు. పైగా తెరవడానికి వెళ్లిన మనిషి గాజు ముందు నిలబడాల్సి వస్తుంది. 1966లో కాన్సస్‌లోని టొపీకాను టోర్నడో తాకాక కూలిన ఇళ్లను పరిశీలిస్తే నైరుతి మూల క్షేమమన్న నమ్మకం కూడా నిలవలేదు. తరం తర్వాత తరం పిల్లలకు శ్రద్ధగా నేర్పిన పాఠం ఇలా తిరగబడటానికి కారణం ఒక్కటే. అంతవరకూ కూలిన ఇంటిని దగ్గరగా చూసి, ఏ గోడ ఎటు పడింది, ఏ గది నిలిచింది అని రాసిపెట్టినవాళ్లు లేరు.

ఫుజిటా చేసింది ఆ పనే. 1965 ఏప్రిల్ 11, మట్టల ఆదివారం నాడు అమెరికా మధ్య రాష్ట్రాల్లో వచ్చిన టోర్నడోల వరుసకు 250 మందికి పైగా బలయ్యారు. ఆయన చిన్న విమానంలో వాటి దారుల వెంబడి తిరిగారు. మొక్కజొన్న చేలల్లో చక్రాల్లాంటి గీతలు కనిపించాయి. బరువైన వస్తువేదో ఈడ్చుకుపోయిన గుర్తులని అంతవరకూ అనుకునేవారు. కిందికి దిగి చూస్తే అవి చిదికిన మొక్కజొన్న కర్రల కుప్పలు, వంపు తిరిగిన వరుసల్లో ఉన్నాయి. పెద్ద సుడి లోపల చిన్న చిన్న సుడులు తిరుగుతుంటేనే అలా పడతాయని ఆయన తేల్చారు. ఒక ఇల్లు పునాదితో సహా లేచిపోయి, పక్కిల్లు పెంకు కూడా కదలకుండా ఎలా ఉంటుందన్న పాత చిక్కుముడికి జవాబు ఇదే. 1970 మే 11న టెక్సాస్‌లోని లబక్‌లో టోర్నడో 26 మందిని బలితీసుకున్నప్పుడు ఆ ఊరి నష్టాన్నీ ఇలాగే మ్యాపు గీశారు.

లబక్‌లోనే ఉన్న టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయ ఇంజినీర్లు అప్పటి నుంచి ఈ విషయం మీద కూర్చున్నారు. ఇల్లంతా నేలమట్టమైనా మధ్యలోని చిన్న గది, బట్టల అల్మారా గది, బాత్రూమ్ చాలాసార్లు నిలబడి ఉండటం వాళ్లు గమనించారు. పిల్లలకు ఇవాళ నేర్పే పాఠం అక్కడి నుంచి వచ్చింది. నేలమాళిగ ఉంటే అందులోకి, లేకపోతే అట్టడుగు అంతస్తులో కిటికీలు లేని లోపలి గదిలోకి వెళ్లాలి. గోడవైపు తిరిగి మోకాళ్ల మీద వంగి, రెండు చేతులతో తల, మెడ కప్పుకోవాలి. సైకిల్ హెల్మెట్ ఉంటే పెట్టుకోవాలి. కాళ్లకు బూట్లుండాలి, ఎందుకంటే ఆ తర్వాత నడవాల్సింది గాజుముక్కల మీద.

అమెరికాలో టోర్నడోలు వచ్చే రాష్ట్రాల బళ్లలో ఏటా ఈ డ్రిల్ చేయిస్తారు. ఐదారేళ్ల పిల్లలతో దీన్ని భయపెట్టకుండా చేయించడం ఒక విద్య. రెండు ప్లాస్టిక్ సీసాలను మూతుల దగ్గర కలిపి, ఒకదాంట్లో నీళ్లు పోసి తిరగేసి గిర్రున తిప్పితే లోపల చిన్న సుడి తయారవుతుంది. టీచర్లు ముందు దాన్ని చూపిస్తారు. ఓలీ స్కైవార్న్ అనే గుడ్లగూబ బొమ్మతో వాతావరణ శాఖ పుస్తకాలు వేసింది. ‘వాచ్’ అంటే టోర్నడో వచ్చే పరిస్థితులున్నాయని, ‘వార్నింగ్’ అంటే వచ్చేసింది, కదలమని. 1965 విషాదం తర్వాత పదును పెట్టిన ఈ తేడాను అక్కడి రెండో తరగతి పిల్లలు కూడా చెప్పేస్తారు. డాలస్‌లోనో ఓక్లహోమా సిటీలోనో ఉన్న మన తెలుగు కుటుంబాల్లో చాలాసార్లు బడి నుంచి వచ్చిన పిల్లలే ఈ సంగతులు అమ్మానాన్నలకు నేర్పుతారు.

మార్కుల పట్టిక

1971లో ఫుజిటా తన భార్య సుమికో సాయంతో స్కేలు తయారుచేశారు. అంతకుముందు టోర్నడోకు ఒకటే పేరు. కొమ్మలు విరిచినా టోర్నడోనే, ఊరిని తుడిచేసినా టోర్నడోనే. సుడి మధ్యలో గాలి వేగం కొలుద్దామంటే యంత్రమే ఎగిరిపోతుంది. అందుకని ఆయన తిరగేసి ఆలోచించారు. గాలి ఏం చేసిందో చూసి ఎంత వేగమో చెప్పాలి. పొగగొట్టాలు, కొమ్మలు విరిగితే ఎఫ్‌0. పైకప్పు పొర లేస్తే ఎఫ్‌1. కప్పు మొత్తం ఎగిరిపోతే ఎఫ్‌2. గోడలు కూడా కూలి, రైళ్లు బోల్తాపడితే ఎఫ్‌3. గట్టిగా కట్టిన ఇళ్లు నేలమట్టమైతే ఎఫ్‌4. పునాది మీద ఏమీ మిగలకుండా ఊడ్చేస్తే ఎఫ్‌5. దానికి ఆయన అంచనా వేసిన వేగం గంటకు 419 నుంచి 512 కిలోమీటర్లు. పట్టిక ఎంత తేలికంటే బడిలో గోడకు అతికించి పిల్లలకు చెప్పొచ్చు. చెబుతున్నారు కూడా.

దాని అసలు పరీక్ష 1974 ఏప్రిల్ 3, 4 తేదీల్లో వచ్చింది. ఒక్క రోజు వ్యవధిలో 13 రాష్ట్రాల్లో 148 టోర్నడోలు. 300 మందికి పైగా మరణించారు. ఒహాయోలోని జీనియా పట్టణం సగం పోయింది. అక్కడి హైస్కూల్లో ఆ సాయంత్రం బడి వదిలేశాక కొందరు విద్యార్థులు స్టేజీ మీద నాటకం రిహార్సల్ చేసుకుంటున్నారు. బయట టోర్నడోను చూసిన ఓ అమ్మాయి అరిచింది. అందరూ పరుగెత్తి వరండాలో గోడవారగా పడుకున్నారు. క్షణాల్లో పైకప్పు కూలింది. వాళ్లు నిలబడ్డ స్టేజీ మీదికి స్కూలు బస్సులు వచ్చి పడ్డాయి. పిల్లలు బతికారు. ఇంకో రెండు గంటల ముందు, బళ్లన్నీ నిండుగా ఉన్నప్పుడు వచ్చి ఉంటే? ఈ ప్రశ్న ఆ తర్వాత చాలా రాష్ట్రాల్లో బడి డ్రిల్స్‌ను మార్చింది.

ఫుజిటా బృందం ఆ 148 దారులనూ ఒకే మ్యాపు మీదికి ఎక్కించింది. దాన్ని ఇప్పటికీ వాతావరణ పాఠ్యపుస్తకాల్లో వేస్తుంటారు.

ఒప్పుకోని పెద్దలు

ఆ సర్వేలోనే వెస్ట్ వర్జీనియా అడవుల మీదుగా ఎగురుతుంటే ఆయనకు ఒక చోట చెట్లు నక్షత్రం ఆకారంలో పడి కనిపించాయి. సుడి తిరిగిన జాడ లేదు. ముప్పై ఏళ్ల కిందటి నాగసాకి, హిరోషిమా కళ్లముందు మెదిలాయి. ఉరుముల మబ్బులోంచి గాలి బాంబులా కిందికి దూకి, నేలను కొట్టి చుట్టూ పరుచుకోగలదా?

మరుసటి ఏడాది, 1975 జూన్ 24న న్యూయార్క్‌లో దిగబోతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 66 నంబరు విమానం రన్‌వేకు ముందే కూలి 113 మంది చనిపోయారు. కారణం వెతకమని ఫుజిటాను పిలిచారు. దానికి ముందూ తర్వాతా దిగిన విమానాల రికార్డులు చూశారు. కొన్ని నిమిషాల తేడాలో కొందరు హాయిగా దిగారు, కొందరు తడబడ్డారు. చిన్న ప్రదేశంలో, కొద్ది నిమిషాలే ఉండే గాలి దెబ్బ అది. దానికి ‘డౌన్‌బర్స్ట్’ అని, మరీ చిన్నదైతే ‘మైక్రోబర్స్ట్’ అని పేరు పెట్టారు. దాంట్లోకి దూరిన విమానానికి ముందు ఎదురుగాలి తగులుతుంది, కాస్త పైకి లేస్తుంది. పైలట్ సర్దుబాటు చేసేలోగా గాలి పైనుంచి నొక్కుతుంది. ఆ వెంటనే వెనకగాలి. రెక్కలకు పట్టు పోతుంది. అప్పటికి నేల దగ్గరే ఉంటుంది.

తోటి శాస్త్రవేత్తలు చాలామంది నమ్మలేదు. కిందికి వచ్చే గాలి నేలను చేరేలోగా బలహీనపడుతుందని, ఫుజిటా పాత విషయానికి కొత్త పేరు పెడుతున్నారని విమర్శించారు. ఇందులో ఆయన తప్పూ కొంత ఉందనే చెప్పాలి. పత్రికలకు పంపి తోటివారి సమీక్షకు నిలబడటం కన్నా, సొంత ల్యాబ్ పేరుమీద నివేదికలు అచ్చువేసుకోవడం ఆయన అలవాటు. చూసిన దాన్నుంచి నిర్ణయానికి ఒక్క గెంతులో వెళ్లేవారు. గణిత నిరూపణ అడిగితే బొమ్మ చూపించేవారు. అలాంటి మనిషిని అనుమానించడం మిగతావాళ్లకు తేలికే.

అయితే వాదనతో కాకుండా కొలతలతోనే తేల్చుకుందామని ఆయన ముందుకొచ్చారు. 1978లో షికాగో శివార్లలో, 1982లో డెన్వర్ విమానాశ్రయం చుట్టుపక్కల డాప్లర్ రాడార్లు పెట్టి కాపుకాశారు. డెన్వర్‌లో ఒక్క వేసవిలోనే వందకు పైగా మైక్రోబర్స్ట్‌లు దొరికాయి. ఆ ప్రయోగం నడుస్తుండగానే, 1982 జులై 9న న్యూ ఆర్లీన్స్ దగ్గర పాన్ ఆమ్ విమానం కూలి 153 మంది పోయారు. కారణం అదే. 1985 ఆగస్టు 2న డాలస్‌లో డెల్టా 191 విమానం కూలి 137 మంది మరణించారు. కారణం మళ్లీ అదే. ఇక ఎవరూ వాదించలేదు. పైలట్ల శిక్షణ మారింది. విమానాల్లో విండ్ షియర్ హెచ్చరిక పరికరాలు తప్పనిసరి అయ్యాయి. పెద్ద విమానాశ్రయాల దగ్గర ప్రత్యేక డాప్లర్ రాడార్లు వచ్చాయి. ఒకప్పుడు కొన్నేళ్లకోసారి అమెరికాలో జరిగే ఈ తరహా ప్రమాదం 1994 తర్వాత అక్కడి పెద్ద విమానాలకు జరగలేదు. ఎంఎస్ కోసం వెళ్లి డాలస్‌లో దిగే మన విద్యార్థుల విమానం ఒక్కోసారి ఉరుముల మబ్బు దాటేదాకా గాల్లో చక్కర్లు కొడుతుంది. విసుక్కుంటాం గానీ, ఆ ఆలస్యం వెనక ఉన్నది ఈ చరిత్రే.

కళ్లారా చూసిన రోజు

ఆ డెన్వర్ ప్రయోగం మధ్యలోనే, 1982 జూన్ 12న ఫుజిటా తొలిసారి నిజం టోర్నడోను చూశారు. వయసు 61. అప్పటికి ముప్పై ఏళ్లుగా దాని వెనకే తిరుగుతున్నారు. వరసపెట్టి ఫొటోలు తీసుకుంటూ పోయారు. చిన్నపిల్లాడిలా సంబరపడ్డారని ఆయనతో పనిచేసినవాళ్లు చెప్పుకునేవారు.

1998 నవంబరు 19న షికాగోలో ఆయన మరణించారు. ఆయన వేసిన మార్కుల్లో పొరపాటు ఉందని ఇంజినీర్లు అప్పటికే అంటున్నారు. ఇల్లు ఎంత గట్టిగా కట్టారన్నది చూడకుండా వేగం చెప్పడం కుదరదని, ఎఫ్‌5 నష్టానికి ఆయన అనుకున్నంత వేగం అక్కర్లేదని లెక్కలు తేల్చాయి. 2007 ఫిబ్రవరి నుంచి సవరించిన ఈఎఫ్ స్కేలు వాడుతున్నారు. అందులో గంటకు 322 కిలోమీటర్లు దాటితే చాలు, ఈఎఫ్‌5. అంకెలు మారాయి, పేరులో ఫుజిటా మిగిలారు.

ఆ ఈఎఫ్‌5 2013 మే 20న ఓక్లహోమాలోని మూర్ పట్టణాన్ని తాకింది. ప్లాజా టవర్స్ ప్రాథమిక పాఠశాలలో టీచర్లు, పిల్లలు నేర్చుకున్న పాఠమంతా చేశారు. లోపలికి వెళ్లారు, వంగారు, తలలు కప్పుకున్నారు. గోడ నిలవలేదు. ఏడుగురు పిల్లలు చనిపోయారు. డ్రిల్ ఒక్కటే చాలదని, తట్టుకునే గది కూడా కావాలని ఆ తర్వాత చాలా బళ్లలో కాంక్రీటు ఆశ్రయ గదులు కట్టారు. సివిల్ చదివేవాళ్లకు ఇక్కడ ఇంకా చాలా పని మిగిలే ఉంది.

టెక్సాస్, ఓక్లహోమా, కాన్సస్, మిస్సోరీ వైపు ఈ ఏడాది ఎంఎస్‌కు వెళ్తున్నవాళ్లు దిగిన వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. అక్కడి అపార్టుమెంట్లలో చాలావాటికి నేలమాళిగ ఉండదు. అట్టడుగు అంతస్తులో కిటికీ లేని గది, సాధారణంగా బాత్రూమ్ అవుతుంది, ఎక్కడుందో చూసిపెట్టుకోండి. పై అంతస్తులో ఉంటే కిందివాళ్లతో ముందే మాట్లాడి ఉంచండి. పరీక్ష కోసం మోగే సైరన్ ఏ రోజు, ఏ వేళకో కనుక్కోండి. మిగతా ఏ వేళ మోగినా అది నిజమే.

ఇక వాతావరణ రంగంలోకి రావాలనుకునేవారికి మన దగ్గరా దారులున్నాయి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెటియరాలజీ, ఓషనోగ్రఫీ విభాగం ఉంది. తిరుపతి దగ్గర గాదంకిలో అంతరిక్ష శాఖకు చెందిన జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల పెద్ద రాడార్‌తో పైగాలులను గమనిస్తుంది. భారత వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ ఉద్యోగాలకు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ 2022లో 990 పోస్టులతో నోటిఫికేషన్ ఇచ్చింది. ఫిజిక్స్ ఒక సబ్జెక్టుగా బీఎస్సీ చేసినవారు, ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చదివినవారు దానికి అర్హులు. ఏటా వచ్చే నోటిఫికేషన్ కాదది, కమిషన్ వెబ్‌సైట్ మీద ఓ కన్నేసి ఉంచాలి.